ఊరికే

మా కంకిపాడులో ఆడమనిషి వీధిలో నడుస్తూ కనిపించిందంటే చేతిలో ఏదో ఒకటి ఉండి తీరాలి. పాలచెంబో, పూలసజ్జో, కూరల సంచో, ఏదీ లేకపోతే తాళంచెవుల గుత్తయినా సరే. ఉత్తచేతులతో బయల్దేరారనుకోండి, నాలుగిళ్లు దాటేలోగా ముగ్గురు ఆపుతారు. "ఎక్కడికమ్మా ప్రయాణం?" అని మొదటావిడ. "అంతా కులాసాయేనా?" అని రెండో ఆవిడ. మూడో ఆవిడ మాటలతో పెట్టుకోదు. ఇంట్లో దెబ్బలాడి వచ్చేసిందేమోనని మొహంలోకి తేరిపార చూస్తుంది.

ఈమధ్య షుగరు వ్యాధి పుణ్యమా అని కొందరికి వెసులుబాటు దొరికింది. డాక్టరుగారు నడవమన్నారంటే ఇక అడిగేవాడు లేడు. చీరల కింద తెల్లబూట్లు వేసుకుని, బందరు రోడ్డు వెంబడి చేతులూపుకుంటూ దర్జాగా వెళ్తున్నారు. నాకా యోగం లేదు. అరవై ఎనిమిదేళ్లు నిండినా షుగరు రాలేదు. అంచేత నడవడానికి నాకు అర్హత లేదన్నమాట!

మా వారికి ఈ బాధలేవీ ఉండేవి కావు. ఆయన హైస్కూల్లో సోషలు మాష్టారు. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, రిటైరయ్యాకా కూడా తెల్లవారుజామున ఐదింటికల్లా లేచి, మంకీ టోపీ తగిలించుకుని, కాలవగట్టు మీదికి వెళ్లిపోయేవారు. ఆరున్నరకి తిరిగొచ్చేసరికి నేను కాఫీ కలిపి ఉంచాలి. "ఏముందండీ అక్కడ, రోజూ చూసే గట్టేగా?" అంటే, "ఏమీ లేదు, ఊరికే" అనేవారు. నలభై నాలుగేళ్లు ఆ 'ఊరికే' విన్నాను. "నువ్వూ రా" అని ఆయన అనలేదు. "నేనూ వస్తాను" అని నేనూ అనలేదు. ఇద్దరం వెళ్తే పాలు ఎవరు కాస్తారు చెప్పండి?

2022 కార్తీకమాసం చివర్లో, రేపు అమావాస్య అనగా, ఆయన పోయారు. ఆ సంగతి ఎక్కువ చెప్పను. ఆ తరవాత ఏడాదిపాటు నేను గుమ్మం దిగిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏటిసూతకం అని కొంత, ఎవరైనా ఎదురొస్తే వాళ్లు ఇబ్బంది పడతారేమోనని కొంత, కాళ్లు రాక కొంత. మాకున్నది ఒక్కతే అమ్మాయి. ఇంగ్లండులో ఉంటుంది. సంవత్సరికం అయిన పదో రోజున నన్ను విమానం ఎక్కించి తీసుకుపోయింది.

వాళ్లుండే జిల్లా పేరు సర్రే. వినగానే నవ్వొచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ అత్తగారికి సరే, మామగారికి సరే, ఆయనకి సరే అంటూ గడిపినదాన్ని, చివరికి ఆ పేరున్న ఊళ్లకే చేరాను. రకారం కింద ఒత్తొకటి ఎక్కువ, అంతే.

నేను వెళ్లింది ఏడాదిలోకెల్లా పగలు కురచగా ఉండే రోజులు. పొద్దున్న ఎనిమిదికి గాని తెల్లారదు, సాయంత్రం నాలుగింటికి దీపాలు పెట్టుకోవాలి. మన ఊళ్లో భోజనం చేసి, కునుకు తీసి, లేచి మొహం కడుక్కునేసరికి అక్కడ పొద్దు గూకిపోతుంది. పది రోజులపాటు హీటరు పక్కన పిల్లిలా ముడుచుకుని కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే ఒక్క ఆకు లేని చెట్లు. ఓక్ చెట్లట. ఎండిపోయాయి కాబోలు, కొట్టేయరేం అనుకున్నాను. మోడుల్లా ఉన్నా కొమ్మకొమ్మకీ మొగ్గలుంటాయని తరవాత దగ్గరికి వెళ్లి చూస్తే గాని తెలియలేదు.

పదకొండో రోజున మా అమ్మాయి, "లే అమ్మా, నడిచొద్దాం" అంది.

"ఎక్కడికే?"

"ఎక్కడికీ లేదు. ఊరికే."

అచ్చం వాళ్ల నాన్న మాట. విరుపు కూడా అదే. గుండెలో కలుక్కుమంది గాని, లేచాను.

వేషం చూడాలి మరి! మోకాళ్లదాకా వచ్చే రబ్బరు బూట్లు ఇచ్చింది. చీరకుచ్చెళ్లు వాటిలోకి దోపాను. పైన అల్లుడి కోటు. తల మీద మా వారి మంకీ టోపీ. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలీదు, పెట్టె సర్దేటప్పుడు అడుగున పెట్టేశాను. మా మనవరాలికి తొమ్మిదేళ్లు. నన్ను చూసి, "అమ్మమ్మా, దొంగలా ఉన్నావు" అని పడీ పడీ నవ్వింది. ఏడాది తరవాత నేనూ నవ్వానేమో, మా అమ్మాయి చటుక్కున మొహం తిప్పుకుంది.

ఊరు దాటగానే ఒక చెక్క స్తంభానికి బాణం గుర్తు కొట్టి ఉంది. ఆ బాణం సూటిగా ఎవరిదో పొలంలోకి చూపిస్తోంది. గోధుమ మొలక జానెడు కూడా లేదు, పచ్చగా దువ్వినట్టుంది. దాని నడుమనుంచి కాలిబాట. మా అమ్మాయి దిగి నడిచేస్తోంది. నేను గట్టు మీదే ఆగిపోయాను.

"పైరే అది! ఎవరి పొలమో, చూస్తే ఊరుకుంటారా?"

"ఇది అందరి దారి అమ్మా. పొలం వాళ్లదే, దారి మాత్రం అందరిదీ."

నేను డెల్టాదాన్ని. పైరు తొక్కకూడదని పుట్టినప్పట్నుంచీ విన్నదాన్ని. మా వైపు జానెడు గట్టు కోసం అన్నదమ్ములు పదేళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతారు. అడుగు వెయ్యడానికి కాళ్లు రాలేదు. ఈలోగా దూరాన ట్రాక్టరు మీద ఒకాయన కనిపించాడు. అయిపోయింది, ఇప్పుడు కేకలేస్తాడు అనుకున్నాను. చెయ్యెత్తి ఊపి, తన దారిన తను పోయాడు.

ఆ దారుల వెనక ఒక పోరాటమే ఉందట. 1932లో, అంటే మన ఉప్పు సత్యాగ్రహమైన రెండేళ్లకి, మాంచెస్టరు చుట్టుపక్కల పనివాళ్లు వందలమంది కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే నడిచి వెళ్లారు. పెద్ద భూస్వాములు వేట కోసం జనాన్ని రానివ్వకుండా మూసేసుకున్న చోటది. ఐదుగురికి జైలుశిక్ష పడింది. కొసకి 1949లో చట్టం వచ్చింది. ఏ ఊళ్లో ఏ కాలిబాట ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో పటం గీయించి, ఆ పటంలో ఉన్న దారి ఎవరూ మూయకూడదన్నారు. ఆదివారం నాడు ఊరికే నడవడానికి మనుషులు జైలుకెళ్లారంటే మొదట నమ్మలేదు సుమండీ.

మనకి మాత్రం లేవా అంటే ఉన్నాయి. డొంకలు! నా చిన్నప్పుడు మా పుట్టింటి ఊరి నుంచి పక్కూరికి డొంకలో పడే వెళ్లేవాళ్లం. రెండువైపులా తాటిచెట్లు, నడుమ బళ్లజాడ. రెవెన్యూ పటాల్లో ఇప్పటికీ డొంక అని గీతలుంటాయి. నేల మీద వెతికితే కొన్ని పొలాల్లో కలిసిపోయాయి, కొన్ని ప్లాట్ల రాళ్ల కింద పడ్డాయి. మనం అలవాటుగా నడవడం మానేశాం, దారి అలవాటుగా మాయమైంది. వాళ్లు ప్రతి ఆదివారం నడిచి ఆ దారి బతికించుకుంటున్నారు.

ఇంతకీ చేతులమాట చెప్పలేదు. నా రెండు చేతులూ ఖాళీ. అరగంట నడిచేసరికి వాటినేం చేసుకోవాలో తోచలేదు. కోటు జేబులో పెడితే రౌడీలా ఉన్నాననిపించింది, కట్టుకుంటే స్కూల్లో దండన పడ్డట్టుంది. అప్పుడు గమనించాను. ఎదురొచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ ఒక గొలుసు, దాని చివర ఒక కుక్క! ముసలాయనకి ముసలి కుక్క, పడుచుపిల్లకి గెంతులేసే కుక్క. ఓహో, ఇది వీళ్ల పాలచెంబన్నమాట అనుకుని లోలోపల నవ్వుకున్నాను. ఊరికే నడవడానికి వాళ్లకీ ఏదో ఒక వంక కావాలి. ఒక్కటే తేడా. ఎదురైన ప్రతివాళ్లూ శుభోదయం చెప్పారు గాని, ఒక్కరూ ఎక్కడికని అడగలేదు. ఆ రోజు హాయిగా అనిపించింది. నాలుగు రోజులయ్యాక, అడిగేవాళ్లుంటే బాగుండునని కూడా అనిపించింది. మనిషి బుద్ధి అంతే కాబోలు.

2024లో భోగి ఆదివారం వచ్చింది. పిల్లని తండ్రికి అప్పజెప్పి మేమిద్దరం రైలెక్కి డార్కింగ్ వెళ్లాం. చిన్న బస్తీ. అక్కడి శ్మశానంలో కాటన్ దొర సమాధి ఉంది. మన ధవళేశ్వరం కాటన్ దొరే. తొంభై ఆరేళ్లు బతికి 1899లో ఆ ఊళ్లోనే పోయాడు. మన గోదావరివాళ్లు ఇంగ్లండు వస్తే వెతుక్కుంటూ వెళ్లి దణ్ణం పెట్టుకుంటారట. వాళ్లే ఏమిటి, 1832, 33 సంవత్సరాల డొక్కల కరువులో మా గుంటూరు, బందరు వైపు జనం ఎలా పోయారో మా నాయనమ్మ వాళ్ల నాయనమ్మ చెప్పగా విని మాకు చెప్పేది. ఆ తరవాతే గదా ఆనకట్టలూ కాలవలూను.

గడ్డి మీద మంచు తెల్లగా, ఉప్పు చల్లినట్టుంది. చెప్పులు, కాదు బూట్లు, విప్పబోతే మా అమ్మాయి వారించింది. చేతులు జోడించి నించున్నాను. పక్కనుంచి మా అమ్మాయి అచ్చం క్లాసులో మాష్టారిలా అందుకుంది:

"కృష్ణకి ఆనకట్ట సిఫారసు చేసింది కాటన్. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. 1852లో మొదలు, 1855లో పూర్తి. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ. కాటన్ ఒక్కడి పేరే రాస్తే సగం మార్కులు!"

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఇద్దరం మాట్లాడలేదు. ఆయన ఇవన్నీ పుస్తకాల్లో చదివి, ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పి, ఒక్కసారైనా ఇక్కడికి రాకుండానే వెళ్లిపోయారు.

అక్కణ్ణించి పొలాలకి అడ్డంపడి బాక్స్ హిల్ అనే కొండవైపు నడిచాం. కొండ కింద మోల్ అనే ఏరు. మోల్ అంటే నేల తొలుచుకుని పోయే ఒక జంతువు. చిత్రమేమిటంటే ఈ ఏరు కూడా నీళ్లు తగ్గిన రోజుల్లో సుద్దనేలలోని కన్నాల్లో దూరి, కొంత దూరం కనిపించకుండా పోతుందట. మన కాలవలో నీళ్లు కట్టేస్తే పాచి, చెప్పులు, విరిగిన బొమ్మలు బయటపడతాయి. అక్కడ ఏరే లోపలికి దాక్కుంటుంది.

ఏటి పక్క దారి వెడల్పుగా ఉంది, ఇద్దరం పక్కపక్కనే నడుస్తున్నాం. మొహాలు కనబడకపోతే కొన్ని మాటలు తేలిగ్గా వస్తాయి కాబోలు.

"అమ్మా, ఒకటడుగుతాను. ఒక్క రోజు ఆగమని నువ్వెందుకు చెప్పలేదు? అప్పటికి నేను దుబాయిలో విమానం మారుతున్నాను."

ఏడాది నుంచీ ఈ ప్రశ్నకే భయపడుతున్నాను. ఆ రోజు వరండాలో పెద్దవాళ్లు కూర్చుని, రేపు అమావాస్య, పొద్దు గూకేలోపు కానిచ్చేద్దామన్నారు. ఐసు పెట్టె తెప్పిద్దాం, అమ్మాయి వస్తోందిగా అని కుర్రాడొకడు అన్నాడు. దానికెవరూ బదులివ్వలేదు. మా మరిదిగారి అబ్బాయి స్నానానికి లేచాడు. నేను గది గుమ్మంలోనే ఉన్నాను.

"నన్నెవరూ అడగలేదమ్మా" అన్నాను.

పది అడుగులు వేశాం. ఆ సమాధానం నాకే నచ్చలేదు.

"అడగలేదన్నది నిజమే. ఆగండి, పిల్ల రానివ్వండి అని నా గొంతుదాకా వచ్చింది. అయినా అనలేదు. అదీ నిజమే."

"అంటే వినేవాళ్లా?"

"ఏమో. అని ఉంటే తెలిసేది."

మా అమ్మాయి ముక్కు చీదుకుంది, చలికో దేనికో. మాట్లాడలేదు. నేనూ ఓదార్చబోలేదు. ఏటికి అడ్డంగా పదిహేడు రాళ్లు వరసగా పాతి ఉన్నాయి, వాటి మీద అడుగులేసుకుంటూ దాటాలి. యుద్ధకాలంలో పీకేసిన రాళ్ల బదులు కొత్తవి వేయించి, 1946లో ప్రధానమంత్రి అట్లీ వచ్చి ప్రారంభించాడట. మరుసటేడే మనకి స్వాతంత్ర్యం. ఈ ముక్క తెలిస్తే మా వారు ఎన్ని రోజులు చెప్పుకునేవారో! రాళ్ల మీద మంచు జారుడుగా ఉంది. కాస్త అవతల వంతెన ఉంది, దాని మీంచి పోదామన్నాను. "పోదాం" అని నా మోచెయ్యి పట్టుకుంది. వంతెన దాటాక కూడా వదల్లేదు. స్టేషను దాకా అలాగే నడిచాం.

ఆ తరవాత చాలా ఊళ్లు తిరిగాం. ఎర్ర టెలిఫోను పెట్టెలో పుస్తకాలు పేర్చి, ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకోమన్న ఊరొకటి. చర్చి పెరట్లో సమాధుల మధ్య మంచులోంచి తెల్లటి చిన్న పూలు తల దించుకుని విచ్చిన ఊరొకటి. ఆకురాలిన కంచెల్లో హోలీ చెట్టు ఒక్కటే ఎర్రపళ్లతో మెరుస్తుంటే, దాని మీద ఎర్రరొమ్ము పిట్ట. బురద సంగతి మాత్రం అడక్కండి. నాట్లు వేసే ఊరిదాన్నని గొప్పలు పోయాను, మొదటి దిబ్బ మీదే జారి కూలబడ్డాను. మన బురద కాలు పట్టుకుంటుంది, వాళ్లది కాలు లాగేస్తుంది.

ఉగాది నాటికి కంకిపాడు వచ్చేశాను. ఎండలు మొదలయ్యాయి, నడక ఊసు పోయింది. మళ్లీ ధనుర్మాసం వచ్చాక, ఒక తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చింది. వీధిలో మంచు. మంకీ టోపీ పెట్టుకున్నాను. గుమ్మం దగ్గర ధైర్యం చాలక పూలసజ్జ చేతికి తగిలించుకున్నాను. పూలకి వెళ్తోందనుకుంటారు.

నలభై నాలుగేళ్లు ఆయన చూసిందేమిటో ఆ రోజు చూశాను. కాలవలో గుర్రపుడెక్క ఊదా పూలు పూసింది. అవతల వరి కోసేసిన చేలల్లో మోళ్ల మధ్యనుంచి మినుము మొలక లేస్తోంది. కోతకి రెండు మూడు రోజుల ముందే, పదును ఆరకుండా, నిలబడున్న వరిలోనే చల్లేస్తారు కదా, ఇప్పుడు రెండాకులు విప్పింది. మంచులో తాటిచెట్లకి మొదళ్లు లేవు, తలలే ఉన్నాయి. దూరంగా హరిదాసు పాట. అదీ మోటారుసైకిలు మీద, మైకులో. కొంగలు మాత్రం పాతవే.

తూము దగ్గర కాలవ లస్కరు చలిమంట వేసుకుని కూర్చున్నాడు. టోపీ గుర్తుపట్టి లేచాడు. "మాష్టారమ్మగారా! అయ్యగారు రోజూ ఇక్కడే కూర్చునేవారండీ. ఇంటికెళ్లండి బాబూ చలి అంటే, ఇంకో పావుగంట కానీరా, ఇప్పుడే వెళ్తే మా ఆవిడ కాఫీకి కంగారు పడుతుంది అనేవారండీ."

చలిమంట పొగ కళ్లలోకి వచ్చింది. కాసేపు ఆ తూము మీద కూర్చుని లేచి వచ్చేశాను. వీధి మొగలో పక్కింటావిడ ముగ్గేస్తూ తలెత్తింది.

"ఇంత పొద్దున్నే ఉత్తచేతులతో ఎక్కణ్ణించి పిన్నిగారూ?"

అప్పుడు చూసుకున్నాను. సజ్జ తూము మీదే మరిచిపోయాను.

"ఎక్కడికీ లేదమ్మా. ఊరికే."

"ఊరికేనా?" అని ముగ్గుచిప్ప పట్టుకుని ఆలోచించింది. "రేపు నన్నూ లేపండైతే. మా వారు అడిగితే మీకు తోడని చెబుతాను."